దబ్బనం నుంచి గుండుసూది దాకా

నా రైలు చూడటానికి మేడ మీదకు వచ్చినవాళ్ళను ముందు ఒక కన్ను మూసుకోమంటాను. కొందరు నవ్వుతారు. కొందరు ఒకటి మూయబోయి రెండూ మూసేస్తారు, అప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది. మా అన్నకు మాత్రం ఆ మాట చెప్పాల్సిన పని లేదు. ఆయనకు ఉన్నది ఒకటే కన్ను.

రెండోది పోయింది రైలు వల్లే. నా బొమ్మ రైలు కాదు, అసలు రైలు. ఆ సంగతికి వచ్చే ముందు నా బల్ల గురించి చెప్పాలి. ఈ బల్ల దగ్గర నేర్చుకున్న విద్యతోనే మా అన్న ఒక మనిషిని చంపడానికి బయలుదేరాడు.

దర్శిలో మాది పరుపుల కొట్టు. తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగాడు, నాన్న ఒకచోట కూర్చుని బొంతలు కుట్టాడు, నేను ఫోము అమ్ముతున్నాను. కొట్టు వెనక ఇంట్లో అన్నా వదినా ఉంటారు. అన్నది వ్యవసాయం, మిరపా పత్తీ. నాకు పెళ్ళి కాలేదు. నా కోపం సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు కాబట్టి పిల్లనివ్వడానికి ఎవరూ సాహసించలేదు. పెళ్ళాం ఉండాల్సిన గదిలో రైలు పెట్టుకున్నానని వదిన అంటుంది.

గోడకు ఆనించిన బల్ల అది. చెయ్యి చాపితే అవతలి అంచు అందుతుంది. ఆ చేతి దూరంలోనే మా చేలు, వాటి మధ్య రైలు కట్ట, అటు చివర కొండలు అన్నీ పట్టాలి. పట్టడం కాదు, ఆ కొండలు ఎక్కడో అంతు లేనంత దూరాన ఉన్నట్టు కనపడాలి. కన్నును మోసం చెయ్యకుండా అది కుదరదు.

మోసానికి కావలసిన సరుకంతా మా కొట్టులోనే ఉంది. కట్ట వెంబడి కరెంటు స్తంభాలు కావాలి. అన్నీ ఒకే ఎత్తున నిలబెడితే బల్ల బల్లలాగే ఉంటుంది. అందుకని ముందు అంచున దబ్బనం గుచ్చాను, దాని వెనక బొంత సూది, ఆ వెనక కుట్టు సూది, తరవాత పూసలు గుచ్చే సన్న సూది, కొండ కింద గుండుసూది. వాటి మధ్య ఎడం కూడా వెనక్కి పోయేకొద్దీ తగ్గించుకుంటూ పోయాను. డొంక దారి ఇవతల నాలుగు వేళ్ళ వెడల్పు, అవతల దారమంత. మనుషులను ముందు అగ్గిపుల్లలతో, నడుమ చీపురు పుల్ల ముక్కలతో చేశాను, చివరన మిరప గింజలు అంటించాను. కొండలు ఫోము ముక్కలు. దగ్గరివాటికి ముదురు ఆకుపచ్చ, వెనకవాటికి నీలంలో సున్నం కలిపిన పాలిపోయిన రంగు. వాటి ముందు ఏకిన దూదిని ఊపిరి తగిలితే చిరిగేంత పల్చగా సాగదీసి పరిచాను. రైళ్ళు రెండు. పెద్దది ఇవతలి పట్టాల మీద పోయి సొరంగంలో దూరుతుంది, అదే రంగు వేసిన బుల్లిది అవతల కొండ కింద బయటికి వస్తుంది. చూసేవాడికి ఒకటే రైలు చాలా దూరం పోయిందనిపిస్తుంది.

ఒక కన్నుతో చూస్తేనే సుమా. రెండు కళ్ళతో చూస్తే గుట్టు రట్టవుతుంది. దగ్గరి వస్తువు ఎంత దూరంలో ఉందో రెండు కళ్ళూ కలిసి ఇట్టే పట్టేస్తాయి. అందుకే బల్ల ముందు ప్లైవుడ్ చెక్క నిలబెట్టి, ఒక్క కన్ను ఆనేంత కన్నం పెట్టాను.

బల్ల మీద మిరప కల్లాలు చేసేటప్పుడు నేను చేసిన తప్పు మాత్రం ఈ మిరప నేలలో పుట్టినవాడు తప్ప ఇంకెవడూ చెయ్యడు. కల్లంలో ఎండే కాయల ఎరుపు ఏ రంగు డబ్బాలోనూ దొరకలేదు. ఇంటినిండా సరుకు పెట్టుకుని రంగు కోసం వెతకడమేమిటని అసలు మిరపకాయలే వాడాను. ముందు కల్లంలో తొక్కను కత్తెరతో సన్నగా కత్తిరించి పోశాను, నడిమి కల్లంలో కచ్చాపచ్చాగా దంచింది పోశాను, చివరి కల్లంలో గుడ్డతో జల్లించిన కారంలో కాస్త ముగ్గు కలిపి చల్లాను. దూరం అద్భుతంగా కుదిరింది. ఆ ఆనందంలో చెమట పట్టి ఫ్యాను వేశాను. కింద కొట్టులో పరుపు బేరం చేస్తున్నవాళ్ళు తుమ్ముతూ రోడ్డు మీదకు పరిగెత్తారు. వదిన కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెట్ల మీదకొచ్చి అరిచింది.

“ఏం అబ్బాయ్, మమ్మల్ని అందర్నీ చంపి నువ్వొక్కడివే బొమ్మలాట ఆడుకుంటావా?”

తరవాత జిగురునీళ్ళు చల్లి కారాన్ని అంటించాను. అయినా ఆ గదిలో ఇప్పటికీ ఫ్యాను వెయ్యం.

మా ఇంట్లో మాట కంటే ముందు చెయ్యి లేస్తుంది. నాన్న దూది కొట్టే కర్రతోనే మమ్మల్నీ కొట్టేవాడు. నాన్న కొట్టిన దెబ్బ అన్న నా మీద తీర్చుకునేవాడు. నాకు తీర్చుకోవడానికి ఎవరూ లేక వస్తువులు పగలగొట్టేవాణ్ణి. పరుపులో పాత దూది కలిపావని అబద్ధమాడిన మనిషి మీదకు దబ్బనం పట్టుకుని లేచిన రోజు కూడా ఉంది. ఇదంతా గొప్పగా చెప్పడం లేదు. మేమిలా ఉంటాం అని చెబుతున్నానంతే.

కొత్త రైలు మార్గం మా చేల మీదుగా వేస్తుంటే అందరికంటే సంబరపడింది నేను. కొట్టు మూసి మరీ వెళ్ళి కట్ట పోయడం చూసేవాణ్ణి. ఆ కట్ట మా పాత డొంక దారిని అడ్డంగా తెగ్గోసింది. అన్న తన చేలోకి పోవాలంటే పక్క చేను గట్టు మీదుగా పోవాలి. ఆ పక్క చేను మనిషీ అన్నా నిక్కర్ల నాటి నుంచీ జతగాళ్ళు. ఇద్దరి కాయలూ ఒకే ట్రాక్టరులో గుంటూరు యార్డుకు తోలుకెళ్ళి, ఒకే హోటల్లో బిర్యానీ తిని వచ్చేవాళ్ళు. కొన్నాళ్ళు ఏమీ అనలేదు అతను. తరవాత ట్రాక్టరు చక్రాల కింద తన మొక్కలు నలిగిపోతున్నాయని గట్టుకు అడ్డంగా ముళ్ళకంప వేశాడు.

ఆ రోజు నేను కట్ట మీద నిలబడి ఉన్నాను. నా స్తంభాల కోసం, ఎంత దూరానికి ఎంత చిన్నగా కనపడతాయో చూసుకుంటున్నాను. కింద చేలో అన్నా అతనూ చీపురు పుల్లల్లా ఉన్నారు. వాళ్ళ మాటలు గాలికి వినపడుతున్నాయి.

“ఏరా, ఈ కంప ఎవడేశాడు?”

“నేనే. నా గట్టు, నా కంప.”

“మరి నా కాయలు ఎట్టా పోవాల్రా? నెత్తిన పెట్టుకుని ఎగరాలా?”

“రైలోళ్ళని అడుగు పో.”

అన్న కంప పీకి అతని ముఖాన కొట్టాడు. అంత దూరం నుంచి ఒక పుల్ల ఇంకో పుల్లకు తగిలినట్టు ఉంది, అంతే. అతను పార తిరగేయడం కనిపించింది. ఆ దెబ్బ నాకు కనపడింది ముందు, వినపడింది తరవాత. నేను పరిగెత్తి వెళ్ళేసరికి అన్న మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. ఎడమ కన్ను మీద అదిమిపట్టిన వేళ్ళ సందుల్లోంచి రక్తం ముంజేతుల మీదుగా కారుతోంది. అవతల మనిషి చెంపలు ముళ్ళకు చీరుకుపోయి ఉన్నాయి. పార కామ చేతిలో పట్టుకుని, తను చేసింది తనకే అర్థం కానట్టు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ తెరిచిన నోటి మీద నేను మట్టిపెళ్ళతో కొట్టాను. పన్ను ఊడి గట్టు మీద పడింది.

ఒంగోలు ఆస్పత్రిలో కన్ను దక్కలేదు. రెండు వైపులా కేసులు పెట్టారు, పెద్దమనుషులు కూర్చుని రాజీ చేశారు, కేసులు ఎత్తేశారు. రాజీ కాగితం మీద అన్న మాట్లాడకుండా సంతకం పెట్టాడు. ఆయన అంత నెమ్మదిగా ఉండటం అంతకు ముందు మేమెప్పుడూ చూడలేదు, అందుకే నాకు భయమేసింది.

ఒక కన్ను పోతే సగం చూపు పోతుందని అందరూ అనుకుంటారు. అన్నకు పోయింది దూరం. గ్లాసు అందుకోబోతే వేళ్ళు దానికి ఇవతలే మూసుకునేవి. టీ పోసుకుంటే గ్లాసు పక్కన నేల మీద పడేది. గడప ఉందనుకుని కాలెత్తేవాడు, ఉన్నచోట తట్టుకునేవాడు. ప్రతిసారీ చేతిలో ఏముంటే అది గోడకేసి కొట్టేవాడు. ఇంట్లో గాజు గ్లాసు అన్నది మిగల్లేదు.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం మేడెక్కి వచ్చాడు. నేను చెక్క పక్కకు తీసి రైలు బాగుచేస్తున్నాను. గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఒరేయ్, గోడ పగలగొట్టావా?”

నాకు అర్థం కాలేదు.

“అదేందిరా, అంత దూరం కనపడతంది! మన చేలేగా అయ్యి?”

నా పనిని కన్నం లేకుండా, కన్ను మూసుకోకుండా నమ్మిన మొదటి మనిషి ఆయన. నిజం చెబుతున్నాను, ఆ క్షణం నాకు అన్న కన్ను గుర్తు రాలేదు. సంతోషం మాత్రమే వేసింది. అన్న ముందుకొచ్చి కొండల వైపు చెయ్యి చాచాడు, గాలిలోకి చాచినట్టే. అరచెయ్యి ఫోము కొండల్లోకి దిగబడింది, గుండుసూది స్తంభం చేతిలో గుచ్చుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుని రక్తపు చుక్క చూసుకున్నాడు. కొండలు వేళ్ళకు అంటుకుని వచ్చాయి.

“నువ్వు గూడా నన్ను గుడ్డోణ్ణి చేసి ఆడుకుంటన్నావా!”

చేతిని ఒక్క ఊపు ఊపి బల్ల మీద ఉన్నదంతా ఊడ్చేశాడు. సూదులు గదంతా చిమ్మాయి. నా చెంప మీద కొట్టాడు, ఇంకోటి కొట్టాడు. నేను తిరగబడ్డాను. ఎడమ వైపు నుంచి గుద్దాను. ఆ చెయ్యి వస్తున్న సంగతే ఆయనకు తెలియలేదు, తప్పుకోవాలని కూడా అనుకోలేదు, దవడ అలాగే అప్పగించాడు. అన్న మీద చెయ్యెత్తినప్పుడల్లా ఆయన తప్పుకుని నవ్వేవాడు. ఈసారి తగిలింది. నాకు ఏడుపు ఆగలేదు. ఇద్దరం కింద కూర్చుని, సూదులు గుచ్చుకోకుండా ఏరుకుంటూ ఉండిపోయాం.

ఆ ఏరడంలోనే మొదలైంది. దూరాన్ని ఒక కన్నుతో ఎలా పట్టుకోవాలో నాకు తెలుసు, ఎందుకంటే ఒక కన్నును ఎలా మోసం చెయ్యాలో నాకు తెలుసు. అన్నతో కలిసి బల్ల మళ్ళీ కట్టాను. దగ్గరిది దూరందాన్ని కప్పుతుంది అన్నా, అది చూడు. రంగు పాలిపోతే దూరం, ముదిరితే దగ్గర. ఎప్పుడూ చూసే వస్తువు ఎంత ఉంటుందో నీకు తెలుసుగా, దానికంటే చిన్నగా ఉంటే అది దూరాన ఉంది. తల పక్కకు కదిలించు, ఎక్కువ జరిగినట్టు కనపడేది నీకు దగ్గరగా ఉన్నట్టు. అన్న చిన్నపిల్లాడిలా విన్నాడు. మెల్లగా టీ గ్లాసులో పడసాగింది. మోటారు సైకిలు తియ్యడం మొదలుపెట్టాడు. వదిన మళ్ళీ గాజు గ్లాసులు కొనుక్కొచ్చి, జుమ్మా రోజున నా పేరు మీద దువా చేశానని చెప్పింది.

“మనిషి ఎంత కనపడితే ఎంత దూరంలో ఉన్నట్టురా?” అని అన్న పదే పదే అడిగేవాడు. అగ్గిపుల్ల మనుషులను జరిపి జరిపి చూపించేవాణ్ణి. బజారులో నడవడానికి అనుకున్నాను. ఎదురొచ్చేవాళ్ళను గుద్దుకోకుండా ఉండటానికి అనుకున్నాను.

కల్లాల రోజులొచ్చాయి. ఒక మధ్యాహ్నం వదిన నన్ను పెరట్లోకి పిలిచి, గోడవార ఉన్న తుమ్మ మొద్దును చూపించింది. మొద్దంతా గొడ్డలి గాట్లు. పాత గాట్లు, ఆరిపోయినవి, ఇష్టమొచ్చినట్టు చెదిరి ఉన్నాయి, కొన్ని పక్కన నేలలో కూడా దిగాయి. కొత్తవన్నీ ఒక్కచోటే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. అరచెయ్యి ఆనిస్తే అన్నీ దాని కింద దాక్కున్నాయి.

“పొద్దున ఇక్కడే ఉంది అబ్బాయ్ గొడ్డలి. ఇప్పుడు లేదు, బండీ లేదు. ఆ పక్క చేను అతన్ని చంపేస్తాడు. మీ అన్న జైలుకి పోతాడు, నేను ఏమైపోవాలి?”

నేను నేర్పింది టీ పోసుకోవడానికి. ఆయన నేర్చుకున్నది దేనికో ఆ మొద్దు చెబుతోంది.

నా బండి మీద కట్ట దాకా వెళ్ళేసరికి పడమట మబ్బు కమ్ముకుంది. వాన పడితే ఎండుతున్న కాయలు నల్లబడి పనికిరాకుండా పోతాయి, అందుకని చేలనిండా జనం టార్పాలిన్లు పట్టుకుని పరిగెత్తుతున్నారు. ఎవరి కల్లం గొడవలో వాళ్ళున్నారు. కట్ట మీద నిలబడి చూశాను. అన్న బండి గట్టు దగ్గర పడి ఉంది. అన్న చేల మధ్యన నడుస్తున్నాడు, పరిగెత్తడం లేదు, తల అటూ ఇటూ కదిలిస్తూ నడుస్తున్నాడు. ఆ తల కదపడం నేను నేర్పిందే. ఆయన ఎదురుగా కల్లంలో పక్క చేను మనిషి అటు తిరిగి ఉన్నాడు. నేను గొంతు చించుకుని అరుస్తూ కిందకు దూకాను. వాన గాలికి నా అరుపు వాళ్ళ దాకా పోలేదు.

నా బల్ల మీద మనుషులందరూ నిలబడే ఉంటారు. గొంతుక్కూర్చున్న మనిషిని నేను చెయ్యలేదు. అగ్గిపుల్లను మడిస్తే విరిగిపోతుంది కదా. ఆ రోజు అతను గొంతుక్కూర్చుని టార్పాలిన్ అంచు రాళ్ళ కింద దోపుతున్నాడు. కూర్చున్న మనిషి చిన్నగా ఉన్నాడు, చిన్నగా ఉన్నాడు కాబట్టి ఇంకా దూరంలో ఉన్నాడనుకున్నాడు అన్న. చేరాల్సిన దానికంటే ఒక అంగ ముందుకు చేరి గొడ్డలి ఎత్తి దించాడు. పదును అతన్ని దాటి వెనక ఉన్న కాయల కుప్పలో దిగింది. కామ అతని భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు, ఎండుకట్టె విరిచినట్టు, నాకు స్పష్టంగా వినిపించింది.

అన్న గొడ్డలి పైకి లాగాడు. కుప్పలోంచి ఎర్రటి దుమ్ము లేచింది, గాలి దాన్ని తీసుకొచ్చి నేరుగా ఆయన ముఖాన కొట్టింది. ఉన్న ఒక్క కన్నూ మూసుకుపోయింది. కేక పెట్టి, ఏమీ కనపడకుండానే గొడ్డలి చుట్టూ తిప్పడం మొదలుపెట్టాడు. కాయలు ఎగురుతున్నాయి, టార్పాలిన్ చిరుగుతోంది, అవతల మనిషి వేలాడే చేత్తో నేల మీద పాకుతున్నాడు. నాకు ఊపిరాడటం లేదు. ఆ గొడ్డలి కిందకు వెళ్ళకపోతే ఎవరు చస్తారో ఆయనకే తెలియదు. వెళ్ళాను. ముంజేతి మీద తోలు లేచిపోయింది. టార్పాలిన్ ఎత్తి అన్న మీద వేసి, దాంతో సహా కింద పడేసి మీద పడుకున్నాను.

“ఒరేయ్, ఉన్న కన్ను గూడా పోయిందిరా! నాకేం కనపట్లేదురా!”

టార్పాలిన్ కిందనుంచి అన్న ఏడుస్తున్నాడు. అవతల మనిషి ఎలాగో లేచి నిలబడి, ఏడుస్తూనే, టార్పాలిన్ మీద కాలితో తన్నాడు. అన్నకు తగిలినవి కొన్ని, నాకు తగిలినవి కొన్ని. “అన్నం పెట్టిన చేత్తోటే చంపుతావంట్రా నన్ను,” అంటూ ఓపిక ఉన్నంతసేపు తన్నాడు. తరవాత కాయల్లో కూలబడి దగ్గాడు. అప్పుడు వాన మొదలైంది. నేను అన్నను బయటికి లాగి, వెల్లకిలా పడుకోబెట్టి, రెండు వేళ్ళతో కంటి రెప్పలు విడదీసి వానకు పట్టాను. అల్లా, ఇది ఒక్కటి ఉంచు అని పైకే అరిచాను. మా చుట్టూ కాయలన్నీ తడిసిపోయాయి.

కన్ను దక్కింది. అతని భుజం సరిగ్గా అతకలేదు. పెద్దమనుషులు మళ్ళీ కూర్చున్నారు. కన్నుకూ భుజానికీ చెల్లుకు చెల్లు అని ఒకాయన అంటే, అందరూ తలూపారు. ఆ తరవాత రైలువాళ్ళు కట్ట కింద దారి తొలిచారు. ట్రాక్టర్లు హాయిగా పోతున్నాయి. ఆ గట్టు మీద ఇప్పుడు ఎవరికీ పని లేదు. అటు చూసినప్పుడల్లా నాకు పళ్ళు కొరుక్కోవాలనిపిస్తుంది.

అన్న చాలా రోజులు మేడ ఎక్కలేదు. మొన్నామధ్య వచ్చి బల్ల ముందు ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. రైలు వెయ్యబోతే వద్దన్నాడు.

“వాణ్ణి పెట్టు,” అన్నాడు.

ఎవణ్ణో నాకు తెలుసు. అగ్గిపుల్ల మనిషిని తీసి ముందు కల్లంలో పెట్టాను. అన్న దవడ బిగుసుకుంది.

“మరీ దగ్గర్లో ఉన్నాడు. దూరం జరుపు.”

అగ్గిపుల్ల తీసి నడిమి కల్లంలో చీపురు పుల్ల ముక్క నిలబెట్టాను. తల అటూ ఇటూ కదిపి చూశాడు.

“ఇంకా దూరం. చిన్నగా చెయ్యరా వాణ్ణి. ఇంకా చిన్నగా.”

దాన్ని కూడా తీసేసి, కొండ కింద చివరి కల్లంలో, గుండుసూది స్తంభం పక్కన, ఒక మిరప గింజ పెట్టాను. నా బల్ల మీద అంతకంటే దూరం లేదు. దాని వెనక ఉన్నది గోడ. అన్న లేచి, వెనక్కి నడిచి గుమ్మంలో నిలబడి చూశాడు. తీసెయ్యమన్నట్టు చెయ్యి ఊపాడు. వేలు తడిచేసుకుని గింజను అద్దుకుని తీసేశాను.

“తీశావా?”

“తీశానన్నా. లేడు.”

అన్న ఆ ఉన్న కన్నుతో ఖాళీ కల్లం వైపు చాలాసేపు చూశాడు.

“అక్కడే ఉన్నాడురా,” అన్నాడు. “గొంతుక్కూర్చుని ఉన్నాడు.”